మొదటి ర్యాంకు

"ఆగమ్మా, అది నొక్కకు!" ఇల్వా తల్లి చెయ్యి పట్టుకుంది.

బెరిట్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తింది. "ఎందుకే? మీ సైట్లో ఫారెక్స్ బ్రోకర్లందర్నీ పోల్చి, వీళ్ళకే మొదటి ర్యాంకు ఇచ్చావుగా. ఫీజులూ, యాప్, డబ్బు వెనక్కి తీసుకోవడం... ఎంత బాగా విడమరిచావో! అంతా చదివాకే ఖాతా తెరుస్తున్నాను."

ఇల్వా గొంతు తగ్గింది. "మా సైటుకి ఎవరు ఎక్కువ కమీషనిస్తే వాళ్ళదే మొదటి ర్యాంకమ్మా. ఈ విదేశీ కరెన్సీల వ్యాపారంలో దిగినవాళ్ళలో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, చూడు."

బెరిట్ కళ్ళజోడు సర్దుకుని కిందిదాకా వెళ్ళి చదివింది. "మరి వీటిలో మంచిదేది?"

"నీకైతే ఏదీ వద్దు."

"నాకైతేనా?"

తల్లి ల్యాప్‌టాప్ మూసేసరికి, ఇల్వా గండం గడిచిందనుకుని ఊపిరి పీల్చుకుంది.

బెరిట్ మాత్రం తలెత్తలేదు. "చర్చి బృందంలో అందరికీ చూపించానే, మా అమ్మాయి రాసిందని. టొర్డిస్ నిన్ననే ఖాతా తెరిచింది. మొగుడు పోయాక వచ్చిన ఇన్సూరెన్స్ డబ్బంతా అందులో వేస్తానంది."

చిన్నప్పుడు తనకి పాట నేర్పిన టొర్డిస్. ఇల్వా లేచి వానకోటు తొడుక్కుంది.

"ఎక్కడికే ఈ వానలో? ఫోన్ చేసి చెప్పొచ్చుగా."

"ఇన్నాళ్ళూ మొహం కనపడకుండానే రాశానమ్మా. ఇది ఎదురుగా నిలబడి చెప్పాలి."

బెరిట్ కూడా తన కోటు అందుకుంది.