ఆరంగుళాల కోత

"కప్పు కోసి కప్పు నువ్వొక్కడివే కొట్టేద్దామనా?" ఎల్డన్ అరుపుకు షెడ్డు రేకులు అదిరాయి.

రెండేళ్లుగా ఇద్దరూ కలిసి పందేనికి మలుస్తున్న పాత కారు పైకప్పును గాలి తాకిడి తగ్గడానికి మూడంగుళాలు కోసి దించాలనుకుంటే, లాయిడ్ ఆరంగుళాలు కోసేశాడు. శనివారమే మొహావీ ఎండు సరస్సు మీద పరుగు. నడిపేది ఒక్కడే. ఆరడుగుల ఎల్డన్ ఇక అందులో పట్టడు, పొట్టి లాయిడ్ పడతాడు.

"అరిచింది చాలు, ఎక్కి కూర్చో."

"తల తీసి ఒళ్లో పెట్టుకోనా, దొంగవెధవా?"

తిట్టుకుంటూనే దూరాడు. తల తగల్లేదు. లాయిడ్ కారు అడుగురేకును కూడా ముందే కిందికి దించేశాడు. కాలు చాపితే యాక్సిలరేటరు సరిగ్గా అందింది.

"ఇంత దూరంలో పెడితే నీ పొట్టికాళ్లకు ఎలా అందుతుందిరా?"

"అందదు." లాయిడ్ మొహం తిప్పుకున్నాడు. "కళ్ల డాక్టరు నన్నిక స్టీరింగు ముట్టొద్దన్నాడు. అలా చూడకు. దిగు, రంగెయ్యాలి."