మనసు పట్టీ

బడివాళ్లు పిల్లలందరికీ మనసు పట్టీలు ఇచ్చి ఏడాదయింది. సాయంత్రం ఇంటికొచ్చాక చేతికి కట్టుకోవాలి. మనసు బాగుంటే పచ్చగా, బాగోకపోతే ఎర్రగా వెలుగుతుంది. నిద్రలో ఉంటే వెలగదు. ఎరుపొస్తే బడికి తెలుస్తుంది; అక్కడి మాటల గదికి పిలిచి, ఒక మేడం మాట్లాడుతుంది.

నా మనవరాలు లాస్యకు తొలివారమే ఎరుపొచ్చింది.

"ఆ గదికెళ్తే పిచ్చిదంటారు మావయ్యా," అంది కోడలు నాంచారమ్మ. "మగ్గం గుంటలోకి దిగితే మీకు లోకమే గుర్తుండదు. ఆ పట్టీ మీరు కట్టుకోండి."

"నాకే ఉండనీ అమ్మా. మేడంతో చెప్పుకోవాలి," అంది లాస్య.

"ఏం చెప్తావే? ఇంట్లో కూడు పెట్టట్లేదనా?"

లాస్య నా వైపు చూసింది. నేను పట్టీ కట్టుకుని నేత మొదలుపెట్టాను. పచ్చగా వెలిగింది. ఏడాదంతా అలాగే వెలిగింది.

నిన్న సాయంత్రం లాస్య ప్రాణం తీసుకోబోయింది. ఆసుపత్రిలో చేర్చాం. ఇంకా కళ్లు తెరవలేదు. మంచం పక్కన నేనూ కోడలూ కూర్చుని ఉండగా ఫోను మోగింది.

"లాస్య వాళ్ల తాతగారా? బడి నుంచి మేడంని. పాప పట్టీ నిన్నటి నుంచి ఎర్రగా ఉంది. రేపొకసారి నా దగ్గరికి పంపండి. భయమేం లేదు, మాట్లాడుకుంటామంతే."

నా చెయ్యి చూసుకున్నాను. పట్టీ విప్పడం మర్చిపోయాను.

"అది నా ఎరుపమ్మా," అన్నాను.

ఫోను కోడలికిచ్చి, పట్టీ విప్పి, లాస్య చేతికి కట్టాను. ఇంకా వెలగలేదు. చూస్తూ కూర్చున్నాను. ఎరుపొచ్చినా చాలు.