నలుపు కింద నీలం

"గీకేది నిలపమన్నానా లేదా?"

వెంకటపతి అరుపుకు రేకుల షెడ్డు దద్దరిల్లింది. ఇంద్రసేన తల కూడా ఎత్తలేదు. ఒళ్ళో పెట్టుకున్న హెడ్‌లైట్ రింగును తడిపి, వాటర్ పేపరుతో రుద్దుతూనే ఉన్నాడు.

తిరుత్తణిలో ఇంద్రసేన ఆ షెడ్డు పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. పాత కార్లకు కొన్ననాడు ఏ రంగుండేదో కనిపెట్టి, అచ్చం అదే రంగు తెచ్చిపెట్టడంలో అతనికి చెన్నై దాకా పేరుంది. ఆ పేరు విని వెంకటపతి కొడుకు హేమనాథ్ వారం కిందట అరవై ఎనిమిది మోడల్ తెల్ల కారొకటి తెచ్చి వదిలిపోయాడు. పాత కార్ల పోటీకి పంపాలట. ఒళ్ళంతా బాగానే ఉంది. ముందరి రింగులు, పక్క పట్టీలు, చక్రాల మూతలు మాత్రం నల్లగా ఉన్నాయి. వాటి అసలు రంగు చూసి వేయమన్నాడు. ఆ సంగతి తండ్రికి ఈ పొద్దే తెలిసింది, చేతికర్ర ఊపుకుంటూ ఊడిపడ్డాడు.

"మీ కొడుకే గీకమన్నాడయ్యా."

"బండి నాదా, వాడిదా? మొదట్నించీ నలుపే. పైన ఇంకో పూత కొట్టి ఇచ్చెయ్."

"నలుపు కింద నీలం ఉండాదే!"

ముసలాయన ఊపుతున్న చేతికర్రను నేలకు ఆనించాడు.

ఇంద్రసేన రింగును వెలుతురుకు పట్టాడు. రుద్దిన చోట పొరలు వలయాలుగా తేలాయి. అంచున నలుపు, లోపల బూడిదరంగు ప్రైమర్, నడుమ లేత నీలం. ఆ పక్కనే వేలెడంత పుట్టీ. పుట్టీ కింద రేకు లోపలికి నొక్కుకుపోయి ఉంది.

అతను లేచి, అరలోంచి అగ్గిపెట్టె తీశాడు. అందులో గోరంత రంగు పెచ్చు. రింగు మీద పెట్టి చూస్తే ఏది ఎక్కడుందో తెలియనంతగా కలిసిపోయింది.

ఇరవై ఆరేళ్ళ నాడు అతని అన్న ఆనందరాజ్ అత్తిమంజేరిపేట నుంచి పొదటూరుపేట రోడ్డున సైకిల్ మీద ఇంటికొస్తుంటే ఏదో బండి గుద్ది పోయింది. తెల్లారి రోడ్డు పక్కన గుంటలో శవం దొరికింది. తిరువళ్ళూరులో ఒక పెయింటు షెడ్డులో పనిలో ఉన్న ఇంద్రసేనకు ఆ కబురు చీకటిపడ్డాక గానీ అందలేదు. పోలీసులు నాలుగు రోజులు అటూఇటూ తిరిగి, తాగి పడ్డాడని రాసి చేతులు దులుపుకున్నారు. జన్మలో కల్లు కూడా ముట్టని మనిషి! వదిన వళ్ళియమ్మ తాగుబోతు పెళ్ళామనే పేరు ఈనాటికీ మోస్తూనే ఉంది. నాలుగు నెలలకు సైకిల్ తిరిగొచ్చినప్పుడు దాని హ్యాండిల్‌లో ఇరుక్కుని ఉందీ పెచ్చు. దాని కోసమే ఇంద్రసేన పాత రంగులు తవ్వే పనిలోకి దిగాడు. వచ్చిన ప్రతి కారునూ అడుగుదాకా గీకాడు.

"పొదటూరుపేట రోడ్డు. సైకిల్ మీద పోయే మనిషి. గ్యాపకముందా?" ఇంద్రసేన రింగును ముసలాయన మొహం ముందుకు చాచాడు.

వెంకటపతి తీరిగ్గా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఉండాది. ఏం చేస్తావ్‌రా?"

"కోర్టుకు లాగుతా. మా అన్న తాగలేదని నీ నోటితోనే చెప్పిస్తా."

"గోరంత రంగుతోనా? మూడోనాడే పోలీసోళ్ళు వచ్చి నా బండి చూసి పోయినారు. అన్నీ నలుపేనని రాసుకున్నారు. ఇప్పుడు నువ్వే నీలం పూసి నాటకమాడతాండావని మా వకీలు అంటాడు. నిన్నెవురు నమ్మేది?"

"నన్ను నమ్మొద్దు. ఈ నలుపు పూసినోడు చెప్తే నమ్ముతారు కదా?"

"పూసినోడా!" ముసలాయన పొట్ట కదిలేలా నవ్వాడు. "వాడు యాడుండాడో నాకే తెలీదు. మా డ్రైవర్ శరవణన్ తెల్లారేసరికి ముక్కలన్నీ విప్పి గోనెసంచిలో ఏసకపోయినాడు. పొద్దుగూకేలోపల తెచ్చి బిగించేసినాడు. యాడ చేయించినాడో నేనడగలే. ఇప్పుడు వాడూ లేడు. పో, ఎతుక్కో. వాణ్ణి నా ముందర నిలబెట్టు, నేనే నడిచి స్టేషన్‌కు వస్తా."

"మాట మీద ఉంటావా?"

"ఉంటా."

ఇంద్రసేనకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు చీకట్లో గుద్దినావు. వాడు పట్టపగలు ఒళ్ళో పెట్టుకొని సొట్ట నింపినాడే! ఈ సొట్ట ఏందని ఒక్క మాట అడగలేదే! నీకంటే వాడే పెద్ద పాపి. వాడి చేతులు విరిచి మా వదిన కాళ్ళ కాడ పడేస్తా, చూడు!"

పూసినవాణ్ణి పట్టే దారి అతనికి తెలుసు. ఆ రోజుల్లో షెడ్లకు ముక్కలు కుప్పలుగా వచ్చేవి. ఒకరి పని ఇంకొకరి దాంట్లో కలిసిపోకుండా ప్రతి పెయింటరూ రింగు లోపలివైపు మేకుతో తేదీ, పేరూ గీసేవాడు. పైన ఎన్ని పూతలు పడినా లోపలివైపు జోలికి ఎవరూ పోరు.

అతను రింగు తిరగేశాడు. గుడ్డను థిన్నర్‌లో ముంచి రుద్దాడు. జిడ్డు, తుప్పు కరిగి కారాయి. వెంకటపతి నవ్వు ఆగిపోయింది. స్టూలు మీంచి లేచి మెడ చాచాడు.

ముందు తేదీ బయటపడింది. అన్న శవం దొరికిన రోజే.

"దొరికినావురా!" పళ్ళు కొరుకుతూ ఇంద్రసేన ఇంకా గట్టిగా రుద్దాడు. తేదీ కింద పేరు తేలింది. గుడ్డ ఆగిపోయింది.

"ఎవుర్రా వాడు?" వెంకటపతి అడిగాడు. "చెప్పవేంరా, ఎవురు?"

అది ఇంద్రసేన చేతిరాత.