నలభై ఐదు చుట్లు

“వీడియో తీస్తున్నారా అమ్మా?”

అజయ్ బాబు గిటారు మీద చెయ్యి ఆపి అడిగాడు.

వరండా మెట్టు మీద కూర్చున్న పెద్దావిడ ఉలిక్కిపడి ఫోను కిందికి దించింది.

“లేదు బాబూ, ఫోనండి. మా ఇంట్లో ఆయన వింటున్నారు.”

ఆవిడ పేరు మాణిక్యాంబ. ఊరు రేపల్లె. రైసు మిల్లు వెనకే ఇల్లు. కూతురు ఇక్కడ తెనాలిలోనే, అజయ్ బాబు ఇంటి పక్క వీధిలో ఉంటుంది. ఆదివారం ఆదివారం రైల్లో వచ్చి కూతుర్ని చూసి వెళ్తుంది. రెండు వారాల క్రితం ఈ ఇంటి ముందు నుంచి వెళ్తూ, పాట విని ఆగిపోయింది. కాసేపు కూర్చోవచ్చా అని అడిగింది.

వినేవాళ్లు దొరికితే అజయ్ బాబుకు పండగే. ఇంట్లో ఆ భాగ్యం లేదు.

బాపట్ల కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం తప్పితే అతని లోకమంతా పాత పాటల రికార్డులే. పదకొండు వందలు పోగేశాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఒక్కటి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, రెండు వైపులా వింటాడు. ప్లేయర్ ముల్లుని భార్య సింధుని కూడా ముట్టుకోనివ్వడు.

ఏది విన్నా చివరికి ఒక చిన్న రికార్డు దగ్గరికే వస్తాడు.

ఎప్పుడో మద్రాసులో తయారైన పాట. రెండో చరణానికి ముందు ఎనిమిది సెకన్లు గిటారు ఒక్కటే మోగుతుంది. బాపట్ల హాస్టల్లో ఉండగా ఎదురు కొట్లో ఆ ఎనిమిది సెకన్లు వినే అతను గిటారు పట్టాడు. ఆ పాట ఫోన్లలో ఎక్కడా లేదు. రికార్డు దొరకడానికి పదహారేళ్లు పట్టింది. దొరికి పదేళ్లయింది.

ఆ ముక్క మాత్రం ఇంతవరకూ చేతికి రాలేదు. వేళ్లు అంత దూరం అందవు.

వాయించిందెవరో తెలిస్తే కాళ్ల మీద పడి నేర్చుకోవాలని అతని ఆశ. అట్ట మీద పాడినవాళ్ల పేర్లే ఉన్నాయి. చెన్నైలో ఎందరికో ఫోన్లు చేశాడు. వాయించి ఇంటికి వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఎవరు రాసుకుంటారండీ అన్నారు అందరూ.

ఆ రోజు కూడా రికార్డు పెట్టి, దానితో పాటు వాయిస్తూ అక్కడే తడబడ్డాడు.

మాణిక్యాంబ ఫోను చెవి దగ్గర పెట్టుకుని విని, కాస్త తటపటాయించింది.

“బాబూ, ఏమీ అనుకోవద్దు. రికార్డు చక్రం నిదానంగా తిరుగుతోందంట.”

“ఎవరన్నారు?”

“ఆయనేనండి.”

అజయ్ బాబుకు ఒళ్లు మండింది.

“రేపల్లెలో కూర్చుని, ఫోన్లో విని చెప్పేశారా? పదేళ్లుగా ఇదే ప్లేయర్. నా చెవికి తెలియదా?”

“కూర్చోలేరు బాబూ. పక్షవాతమండి. మంచం మీదే ఉంటారు.”

ఆ మాటకైనా అతను తగ్గాల్సింది. తగ్గలేదు.

“ఆయనకి సంగీతం వచ్చా?”

ఆవిడ ఫోను వంక చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది.

“వింటారండి.”

“వినడం వేరు, తెలియడం వేరమ్మా. ముందు ఆ ఫోను కట్ చెయ్యండి.”

కట్ చేసింది. పాట అయ్యేదాకా అలాగే కూర్చుని, “వస్తాను బాబూ” అని లేచి వెళ్లింది.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. అజయ్ బాబు రికార్డు మార్చిన ప్రతిసారీ గేటు వైపు చూశాడు.

“మీరే కదా తరిమేశారు. ఇప్పుడు చూస్తారేంటి?” అంది సింధు.

మూడో ఆదివారం ఉండబట్టలేకపోయాడు. రికార్డు లేబులు మీద చిన్న కాగితం ముక్క అంటించి, గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టాడు. ఆ చిన్న రికార్డు నిమిషానికి నలభై ఐదు చుట్లు తిరగాలి. నలభై రెండు దాటింది, నలభై మూడు పూర్తి కాలేదు.

లోపల చక్రాన్ని తిప్పే రబ్బరు బెల్టు సాగిపోయింది.

కొత్త బెల్టు వేసి పాట పెట్టాడు. ఇన్నేళ్లూ అర మెట్టు కిందికి దిగి మోగిన పాట తన చోటికి వచ్చింది. తను నొక్కలేక అవస్థపడ్డ స్వరాలు అసలు నొక్కాల్సినవే కావు. తీగను ఊరికే వదిలేసి మీటితే పలికేవి. ఎనిమిది సెకన్లూ వేళ్ల కిందికి వచ్చేశాయి.

అజయ్ బాబుకు ఏడుపొచ్చింది. మొదట గుర్తొచ్చింది ఆ ఫోన్లో ఆయనే. ఆయన్ని క్షమించమని అడగాలి. ఎదురుగా కూర్చుని ఈ ముక్క వినిపించాలి.

గిటారు భుజాన వేసుకుని రేపల్లె రైలెక్కాడు.

మిల్లు దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. ముందు గదిలో మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టి గోడకు ఆనించారు.

“బాబాయిగారు ఏరమ్మా?”

“పోయి తొమ్మిది రోజులైంది బాబూ,” అంది మాణిక్యాంబ.

అతను గుమ్మంలోనే కూర్చున్నాడు.

“ఆయన చెప్పింది నిజమేనమ్మా. బెల్టు మార్చాను. ఆ ముక్క వచ్చేసింది. వినిపిద్దామని వచ్చాను.”

“వస్తుందన్నారు బాబూ. చక్రం సరిచేస్తే ఒక్క రోజులో వచ్చేస్తుందన్నారు. ఆ తర్వాతి ఆదివారం కూడా, తెనాలి వెళ్లవేంటని రెండుసార్లు అడిగారు. మీకు కోపమొచ్చిందని నేనే రాలేదు.”

“ఫోన్లో విని అంత కచ్చితంగా ఎలా చెప్పారమ్మా? నాకు ఒక్క మాట చెప్పకపోయారా, ఆయన ఎవరో?”

మాణిక్యాంబ అతని భుజాన ఉన్న గిటారు వంక కాసేపు చూసింది.

“చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు బాబూ, మద్రాసులో ఆ ముక్క వాయించింది తనేనని తెలిస్తే మీ చెయ్యి వణుకుద్దని.”