కొండెక్కిన కరెంటు

వాసీ పాత అవెన్ వెనక దూరి, గోడలోంచి వచ్చిన లావుపాటి వైరు మీదికి చెయ్యి చాపాడు. అంతలో గుర్తొచ్చి కేకేశాడు.

"అవ్వా! మెయిన్ ఆఫ్ చేసినావా?"

"కొండెక్కిందిరా!" నడవలో కరెంటు బోర్డు దగ్గర స్టూలెక్కి నిలబడ్డ అవ్వ బదులిచ్చింది.

వాసీ చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కొచ్చింది. అతనికొచ్చిన తెలుగల్లా అవ్వ నోట విన్న ఇంటి మాటలూ, తిట్లూ, వంటల పేర్లూనే. అయినా ఎక్కడమంటే పైకెళ్ళడమని తెలుసు. స్విచ్చి పైనుంటే కరెంటున్నట్టే!

"మై గాడ్, కిందకి దించు!"

"దించితేనే కదరా కొండెక్కింది!"

"ఎక్కిందా, దిగిందా?"

"రెండూనురా, బడుద్ధాయీ!"

రేపు ఈ దేశంలో నల్లా తెల్లా అన్ని రంగుల వాళ్ళూ కలిసి వేసే తొలి ఓటు. వరుసలో నిలబడే తమ మెరీబ్యాంక్ పేట జనానికి బిస్కెట్లు కాల్చి పంచుతానని అవ్వ మాటిచ్చేసింది. కొత్త అవెన్ తానే బిగిస్తానని వాసీ కోతలు కోశాడు.

అతను పాక్కుంటూ బయటికొచ్చి బోర్డు చూశాడు. స్విచ్చి కిందే ఉంది.

"ఆఫే కదా! ఆ మాట చెప్పవేం?"

"ఇంట్లో వెలుగు ఆరిపోయిందనకూడదురా. ఈ దేశానికి కూలికొచ్చి చెరకు తోటల్లో గుడ్డి దీపంతో బతికినా మాయమ్మ ఒక్కనాడూ ఆ మాట అనలేదు. ఆరిపోయింది మళ్ళీ రాదు. కొండెక్కింది దిగొస్తాది."

వాసీ టెస్టరు పెట్టి చూసుకుని, పాతది ఊడదీసి కొత్త అవెన్ బిగించాడు.

"అయినాదా? ఇంక ఎక్కించనా?" స్టూలు మీంచి అవ్వ అరిచింది.

వాసీ ఒక్క క్షణం ఆలోచించాడు.

"స్విచ్చి ఎక్కించు అవ్వా, దీపాన్ని దించు!"