ఊరికే వచ్చే గాలి

నగరమంతటికీ గొట్టాల్లో చల్లగాలి అందుతున్న రోజులవి. ఇళ్లలోంచి లాగిన వేడినంతా సిద్దీల బస్తీ పక్కన కట్టిన గోపురాలు వెళ్లగక్కేవి. ఎన్నడో ఆఫ్రికా నుంచి నిజాము కొలువుకు వచ్చిన సైనికుల వంశంవాళ్లు ఆ బస్తీవాళ్లు. గోపురాలు లేచాక ఆ వేడికి వాళ్లు డాబాలెక్కడమే మానుకున్నారు.

మబ్రూకా ఆ గోపురాల్లోనే మెకానిక్కు. ఆమెకు సెలవున్న ఒక సాయంత్రం, ఉన్నట్టుండి వాటి హోరు ఆగిపోయింది. తండ్రి సాలెం గోడ పట్టుకుని లేచాడు.

"గాలి తిరిగింది బిడ్డా. నన్ను పైకి తీస్కపో."

చూస్తుండగానే డాబాలన్నీ జనంతో నిండిపోయాయి. ఎవరో అటక మీది మర్ఫా డప్పులు దించారు. సాలెం కూర్చున్నచోటే భుజాలు ఊపాడు. చున్నీ ఎగిరిపోతుంటే మబ్రూకా కూతురు రైహానా బిత్తరపోయింది.

"అమ్మీ, ఇది ఏ మిషన్ గాలి?"

"మిషన్‌ది కాదే. ఊరికే వచ్చే గాలి."

అంతలో ప్లాంటు సూపర్‌వైజరు ఫోను చేశాడు. "జల్ది రామ్మా, దవాఖానాల్ల పేషెంట్లు ఉడికిపోతున్నరు."

మబ్రూకా వెళ్లి తెగిన బెల్టు మార్చింది. మీట మీద చెయ్యి వేసి, తండ్రికి ఫోను చేసింది.

"అందరూ కిందికి దిగుర్రి అబ్బా. స్టార్ట్ చేస్తున్న."

"రైహానా డాబా మీద్నే పండుకుంది బిడ్డా. నా చిన్నప్పుడు మేం పండుకున్నట్టే. జర ఆగరాదు?"

ఫోనులో గాలి సవ్వడి వినిపిస్తోంది. మబ్రూకా దాన్ని చెవికి గట్టిగా ఆనించుకుని చాలాసేపు విన్నది.

"లేపు అబ్బా," అంది చివరికి.