ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది

తన పాప ఇంకెవరినో అమ్మ అనుకుంటుందేమోనన్నదే ఆమెకున్న పెద్ద భయం.

ఆ రాత్రి ఆఫీసులో ఒక్కతే ఉంది. ఫైళ్ళు సర్దడానికి కంప్యూటర్లో తన ఖాతా వదిలి పెద్దసారు ఖాతాలోకి మారింది. పనయ్యాక తన ఖాతాకు మారే ఆదేశం కొడితే, నల్లటి తెరమీద ఒక్క వాక్యం వచ్చింది: "ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది."

"నేనిక్కడ చస్తుంటే ఇంటికెళ్ళిందెవర్రా?" అని మండిపడుతూ అత్తకు ఫోన్ చేసింది.

"ఎవరమ్మా నువ్వు? మా కోడలు ఇందాకే వచ్చి పాపకు పాలిస్తోంది."

"అత్తయ్యా, మీ కోడల్ని నేను! ఇన్నేళ్ళ గొంతు గుర్తుపట్టరా? ముందు పాపను లాక్కోండి!"

"చాల్లే వేళాకోళం." ఫోన్ పెట్టేసేలోపు పాప కిలకిలా నవ్వడం వినిపించింది.

ఆమె పరుగున వెళ్ళి తన గుర్తింపు కార్డు పెడితే ఆఫీసు తలుపు తెరుచుకోలేదు.

మీ పక్కింట్లో పాలు తాగే పాప ఉంటే, దయచేసి ఇప్పుడే వెళ్ళి చూసి రండి.